ఇంట్లో ఇష్టంగా తినే జొన్నరొట్టెను పదిమందికి పెట్టడానికి ఎందుకు జంకుతున్నాం?

నడిగడ్డ_ఇంటిబిడ్డ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ. వచ్చే మాఘమాసంలో మా నాన్నగారి షష్టిపూర్తి చేయాలనుకుంటున్నాం. బంధువులు, ఊరివాళ్ళు కలిపి రెండు వందల మంది దాకా వస్తారు. వంటల జాబితా రాసే పని నాకు అప్పగించారు కనుక జొన్నరొట్టెలు, కొర్రలతో పులిహోర, వాటితోపాటు అన్నం కూడా ఉండేలా ఒక కాగితం మీద రాసి నాన్నగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి రెండు పంక్తులు చదివి, కాగితం మడిచి మళ్ళీ నా చేతిలోనే పెట్టారు. "నలుగురిని పిలిచి రొట్టెలు పెడతామా అమ్మా? జరుగుబాటు లేక పెట్టారనుకుంటారు" అన్నారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆరేళ్ళ క్రితం షుగర్ బయటపడినప్పటి నుంచి నాన్నగారు రాత్రిపూట తినేది జొన్నరొట్టే. మొదట్లో డాక్టరు చెప్పారని తిన్నా, ఇప్పుడు అమ్మ ఏదైనా పనిలో పడి రొట్టె చేయకపోతే ఆయనకు నిద్ర పట్టదు. రొట్టె తిన్ననాడే కడుపు నిండినట్టుంటుందని ఆయనే అంటారు. అలాంటి మనిషికి అదే రొట్టె నలుగురి విస్తళ్ళలో కనపడితే చిన్నతనంగా తోచడం నాకు అంతుపట్టలేదు. నేను వాదించబోతే "నా వరకు సరే, పదిమందిలో కుదరదు" అని మాట తుంచేశారు. అమ్మ ఏమీ మాట్లాడలేదు.

నేను ఇంత పట్టుదలగా ఉండటానికి కారణం ఉంది. మా ఇంటి వెనుక చేనులో నా చిన్నప్పుడు జొన్న ఉండేది. ఇప్పుడు అక్కడ బోరు కింద వరి ఉంది. పక్క పొలంవారు మొదటి రెండు బోర్లూ ఎండిపోతే ఇటీవల మూడోది వేయించారు. వాన మీద, నల్లరేగడి పట్టి ఉంచిన తేమ మీద చేతికొచ్చే పంటను వదులుకుని, భూమి అడుగు నుంచి తోడిన నీటిని పొలంలో నిలగట్టి పండించే పంట మీదే అందరం పడ్డాం. అలా నిలిచిన నీటి నుంచి మీథేన్ వాయువు వెలువడుతుందనీ, భూమి వేడెక్కడంలో దానికీ పాలు ఉందనీ చదివినప్పటి నుంచి నా పళ్ళెంలోని అన్నాన్ని నేను మునుపటిలా చూడలేకపోతున్నాను.

ఇది వంటల గురించో ఆరోగ్య సలహాల గురించో వేస్తున్న ప్రశ్న కాదు. మనం తినేదాన్ని మన నాలుక, మన జేబు ఎంతవరకు నిర్ణయిస్తున్నాయి, "వాళ్ళేమనుకుంటారో" అన్న ఆలోచన ఎంతవరకు నిర్ణయిస్తోంది? ఆ ఆలోచనను ఎక్కడైనా, ఎవరైనా తిరగతిప్పగలిగారా? తెలిసినవారు వివరంగా రాస్తే కృతజ్ఞురాలిని.

సాంఘికశాస్త్ర_విద్యార్థి

మీరడిగిన ప్రశ్నకు ఎనభై ఏళ్ళ నాటి ఒక ప్రయోగం చాలా దగ్గరగా వస్తుంది కనుక దాన్ని కాస్త విపులంగా చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో మంచి మాంసం సైనికులకు వెళ్ళిపోతుండేది. గుండె, మూత్రపిండాలు వంటి భాగాలు మాత్రం ఇళ్ళవారికి అందుబాటులో ఉండేవి. వాటిలో పోషకాలకు లోటు లేకపోయినా అది పేదల తిండి అన్న భావన బలంగా ఉండేది కాబట్టి మధ్యతరగతి ఇళ్ళలో వాటిని ముట్టేవారు కాదు. ఈ అలవాటును ఎలా మార్చాలో తేల్చే పని కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మీద పడింది. ఆయన నాజీల పాలన మొదలైన 1933లో జర్మనీ వదిలి అమెరికా చేరిన యూదుడు. అప్పటికి అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు.

రెడ్‌క్రాస్‌లో స్వచ్ఛందంగా పనిచేసే గృహిణులను 13 నుంచి 17 మంది చొప్పున ఆరు బృందాలుగా తీసుకున్నారు. సగం బృందాలకు ఒక వక్త వచ్చి పోషకాల గురించి, యుద్ధ అవసరాల గురించి చక్కగా ఉపన్యసించి, వండే విధానాలు రాసిన కాగితాలు కూడా పంచారు. మిగిలిన సగానికి ఉపన్యాసం లేదు. "మనలాంటి ఇల్లాళ్ళు ఈ మాంసం వండడానికి ఎందుకు వెనకాడతారు?" అన్న ప్రశ్నను వాళ్ళ మధ్యన పెట్టారు. వండేటప్పుడు వచ్చే వాసన, భర్త ముఖం చిట్లించడం, ఇలా ఒక్కొక్కరూ తమ ఇంటి సంగతి చెప్పుకున్నారు. చివర్లో, వచ్చే వారం రోజుల్లో ఒకసారైనా వండి చూస్తామనేవారు చేతులెత్తమన్నారు. తరువాత ఆరా తీస్తే, ఉపన్యాసం విన్నవారిలో నూటికి 3 మంది మాత్రమే వండారు. కూర్చుని మాట్లాడుకుని చేతులెత్తినవారిలో నూటికి 32 మంది వండారు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చర్చించిన బృందాలకు "తరువాత వచ్చి అడుగుతాం" అని ముందే తెలుసు, ఉపన్యాసం విన్నవారికి తెలియదు. అందువల్ల ఘనతంతా చర్చకే కట్టబెట్టడం న్యాయం కాదు. అయినా మీ ప్రశ్నకు ఆ లోపం కూడా ఒక జవాబే అవుతుంది. రేపు ఎవరో వచ్చి అడుగుతారని తెలియడం, పక్కనున్న నలుగురూ చేయి ఎత్తడం కళ్ళారా చూడడం, ఇవి రెండూ "వాళ్ళేమనుకుంటారో" అన్న భయం ఉన్న చోటునే మరో దిక్కు నుంచి ఒత్తిడి తెచ్చాయి.

లెవిన్ చెప్పిన మరో సంగతి మీకు నేరుగా పనికివస్తుంది. ఆహారం ఇంటికి రకరకాల దారుల్లో వస్తుంది, ఒక్కో దారికి ఒక్కో ద్వారపాలకుడు ఉంటాడు, మారవలసింది ఆ ద్వారం దగ్గర నిలబడినవారి మనసే అని ఆయన ప్రతిపాదన. మీరు కాగితం పట్టుకెళ్ళి నాన్నగారికి చూపించారు. విందు విషయంలో అసలు ద్వారపాలకులు ఆయనేనా? మా ఇళ్ళలోనైతే మేనత్తలు, పిన్నులు, పెద్దమ్మలు ఔనంటే విందు, కాదంటే కాదు. మీ అమ్మగారు ఏమీ మాట్లాడలేదన్నారు చూడండి, నేనైతే ముందు ఆ మౌనం దగ్గర కూర్చుంటాను.

జహీరాబాద్_టీచరమ్మ

తల్లీ, నీ ప్రశ్న చదివి నా బడి రోజులు గుర్తుకొచ్చాయి. మా ఊళ్ళో మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలందరం చింతచెట్టు కిందికి చేరేవాళ్ళం. ఇద్దరు ముగ్గురికి మాత్రం ఇంటి నుంచి మూత ఉన్న డబ్బాలో తెల్లన్నం వచ్చేది. మిగిలిన మేమంతా గుడ్డలో చుట్టుకొచ్చిన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తెచ్చుకునేవాళ్ళం. వాళ్ళు మమ్మల్ని ఒక్క మాట అన్నది లేదు. అయినా మేము చెట్టు మొదలుకు అవతల, వాళ్ళకు వీపు చేసి కూర్చుని తినేవాళ్ళం. మాకు ఎవరు నేర్పారో చెప్పలేను కానీ, ఆరేడేళ్ళకే ఏ తిండిని దాచుకోవాలో మాకు తెలిసిపోయింది. పల్నాటి జొన్నకూటిని వెక్కిరించిన పాత చాటుపద్యాలు నేను తరువాత తరగతి గదిలో చెప్పవలసి వచ్చినప్పుడు, ఆ చిన్నచూపు మా కాలంలో పుట్టింది కాదని తెలిసింది.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ పథకాన్ని నేను తప్పు పట్టను. పస్తులున్న ఇళ్ళలో పొయ్యి వెలిగింది. కానీ చౌకదుకాణంలో బియ్యం మాత్రమే దొరకడంతో "ఎదిగినవాళ్ళు బియ్యం తింటారు" అన్న పాత మాటకు సర్కారు ముద్ర కూడా పడినట్టయింది. జొన్న పండే ఎర్రచెలకలు బీళ్ళు పడ్డాయి. తమ చేను బీడు పెట్టుకుని, ఎక్కడి నుంచో లారీలో వచ్చిన బియ్యం కోసం వరుసలో నిలబడడం మా ప్రాంతంలో చాలా ఏళ్ళు మామూలైపోయింది.

తిరగతిప్పినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగావు. ఉన్నారు. మా పక్కనే పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని ఆసరాతో ఊరూరా దళిత మహిళలు సంఘాలు పెట్టుకున్నారు. 1990ల నడిమి నుంచి వాళ్ళు చేసిన పని ఏమిటంటే, బీడు భూములను సాగులోకి తేవడానికి పెట్టుబడి ఇచ్చి, ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా తిరిగి తీసుకుని, ఊళ్ళోనే నిలవచేసి, కరువు నెలల్లో పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరిది పేద ఇల్లో కూడా ఊరివాళ్ళే కూర్చుని తేల్చుకున్నారు. పైన ఆ తమ్ముడు చెప్పిన చేతులెత్తడం ఇక్కడ ఒక వారం కోసం కాదు, ఏళ్ళ తరబడి నడిచింది.

ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతర నేను చాలాసార్లు చూశాను. అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు పెట్టుకుని ఊరి నుంచి ఊరికి సాగుతారు. ఒకసారి ఒక పెద్దావిడ బండి మీది నుంచి దింపిన బుట్ట మూతికి మెత్తిన మట్టిని వేలిగోటితో మెల్లగా ఊడదీసి, పైన కప్పిన వేపాకు తీసి, బూడిదలో కలిపి ఉంచిన పచ్చజొన్నలను దోసిట్లోకి తీసి చూపించింది. చుట్టూ ఉన్నవాళ్ళు దేవుడి హారతికి చేసినట్టు ఆమె దోసిలి వైపు చేతులు చాపి కళ్ళకద్దుకున్నారు. ఆమెను ఊళ్ళో అంతకుముందు పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. ఆ రోజు నుంచి విత్తనం కావలసినవాళ్ళు ఆమె ఇంటి గడప ముందు నిలబడి "అమ్మా" అని పిలవడం నేను విన్నాను. 2008లో మాచునూరులో మొదలైన సంఘం రేడియోలో మాట్లాడేదీ ఈ ఆడవాళ్ళే. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. జొన్నకు పోయిన మర్యాద, జొన్న పండించినవారి మర్యాదతో కలిసే తిరిగి వచ్చిందని నా నమ్మకం. అన్ని ఊళ్ళూ మారలేదు, మా అబ్బాయి ఇంట్లో ఇప్పటికీ మూడు పూటలా సన్నబియ్యమే.

ఇక నీ విందు గురించి ఒక చిన్న మాట. సద్దుల బతుకమ్మ నాడు మన ఇళ్ళలో రొట్టెలు నలిపి, బెల్లం కలిపి, నెయ్యి పోసి మలీద ముద్దలు చేస్తాం కదా. సజ్జరొట్టెతోనో జొన్నరొట్టెతోనో చేసిన మలీదను పదిమందికి పంచడానికి ఏ ఇంట్లోనైనా సిగ్గుపడడం చూశావా? అమ్మవారికి పెట్టిందాన్ని చుట్టాలకు పెట్టడానికి మీ నాన్నగారు కాదనరు.

మెట్టసేద్యం

పెద్దలు రాసినవి గౌరవంతో చదివాను. కానీ చిరుధాన్యాలు చిన్నతనం వల్లే పోయాయంటే అది సగం నిజమే. రైతుగా మిగతా సగం చెప్పవలసిన బాధ్యత నాకుంది.

కొర్ర, సామ, అరికె, ఊద, ఇవన్నీ పొట్టుతో ఉంటాయి. మా అమ్మ ఒక పూట కొర్రన్నం వండడానికి ముందు రోకలి పట్టుకుని గంటల తరబడి దంచి, చెరిగి, మళ్ళీ దంచేది. ఆమె అరచేతుల్లో కాయలు చివరిదాకా పోలేదు. వరికి ఊరూరా మిల్లు వచ్చింది, కొర్రకు రాలేదు. ఇంట్లో తెల్లన్నం మొదలైన రోజు మా అమ్మ ముఖంలో గొప్ప కనబడలేదు, విశ్రాంతి కనబడింది. ఆడవాళ్ళ ఆ విశ్రాంతిని లెక్కలోకి తీసుకోకుండా పాత తిండికి తిరిగి వెళ్దామనడం నాకు రుచించదు. జొన్న, సజ్జ, రాగులకు ఈ పొట్టు బాధ లేదు కనుక నడిగడ్డ సోదరి జొన్నతో మొదలుపెట్టడం తెలివైన పని. కొర్రలు కావాలంటే పొట్టు తీసే యంత్రం దగ్గరలో ఎక్కడుందో ముందు చూసుకోవాలి.

రెండో సంగతి పొలంలో జరిగేది. పట్నంలో ఉన్నవారికి ఇది తెలియకపోవచ్చు. ఊరంతా జొన్న వేసిన రోజుల్లో పిట్టలు ఊరంతటి చేలలో తలా కొంచెం తిని పోయేవి, ఎవరికీ పెద్ద నష్టం తెలిసేది కాదు. ఇప్పుడు చుట్టూ పత్తి, వరి ఉండి నేనొక్కడినే రెండెకరాల జొన్న వేస్తే, ఊళ్ళో ఉన్న పిట్టలన్నీ నా చేను మీదే వాలతాయి. కంకి పాలుపోసుకున్నప్పటి నుంచి తెల్లవారుజామున ఒకరు మంచె ఎక్కాలి, వడిసెల పట్టాలి, డబ్బాలు మోగించాలి. కూలి మనిషి ఆ పనికి దొరకడు. నేను రెండేళ్ళు ఒంటరిగా వేసి, మూడో ఏడు పక్క ఇద్దరిని బతిమాలి వాళ్ళ చేత కూడా వేయించాను. ఆ ఏడు మాత్రమే గింజ ఇంటికొచ్చింది. మీరు తిండి విషయంలో పదిమంది ప్రభావం అంటున్నారు. సాగులో ఆ పదిమంది లేకపోతే జొన్న వేయడమే సాధ్యం కాదు.

ధర మాట కూడా చెప్పాలి. 2024-25 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకం వరికి 2,300 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,371, రాగులకు 4,290. కాగితం మీద చూస్తే వరి కంటే ఇవే మేలు. అయితే వరి ధాన్యానికి ఊరి దగ్గరే కొనుగోలు కేంద్రం ఉంటుందన్న భరోసా ఉంది. జొన్నకు దిగుబడి తక్కువ, కొనేవాడు ఎప్పుడొస్తాడో తెలియదు. అందుకే నా విన్నపం ఇది. షష్టిపూర్తికి కావలసిన జొన్నలను పట్నంలో పొట్లాలు కట్టి అమ్మే దుకాణంలో కొనవద్దు. మీ ఊళ్ళోనే జొన్న వేసిన రైతు ఎవరో కనుక్కుని, కోతకు ముందే ఫలానా ధరకు ఇన్ని కిలోలు తీసుకుంటామని మాటివ్వండి. ముందుగా విత్తిన చేలు మాఘం నాటికి చేతికొస్తాయి. ఒక శుభకార్యానికి ఫలానావారి చేని జొన్నలు వెళ్ళాయన్న కబురు మా రైతుల్లో ఎంత దూరం పోతుందో మీరు ఊహించలేరు.

అనంతపురం_మనవడు

పై మూడు జవాబుల్లో రాని ఒక కోణం నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. మీ నాన్నగారి జంకుకు పేదరికపు ముద్ర ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఈ పదేళ్ళలో చిరుధాన్యాల మీద రెండో ముద్ర కూడా పడింది. అది రోగి తిండి అన్న ముద్ర.

డాక్టర్ ఖాదర్ వలి గారి ఉపన్యాసాల పుణ్యమా అని కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు అన్న ఐదు పేర్లు తెలుగు ఇళ్ళలో మళ్ళీ వినబడ్డాయి. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అంతకు ముందు డిసెంబరులో పార్లమెంటులో ఎంపీలకు చిరుధాన్యాల విందు కూడా పెట్టారు. ఇదంతా మంచికే జరిగింది. కానీ ఇళ్ళలోకి మాత్రం ఆ గింజలు ఎక్కువగా జబ్బు గుమ్మం గుండానే వచ్చాయి. షుగర్ వస్తే రొట్టె, బరువు పెరిగితే కొర్ర, లేకపోతే యథావిధిగా అన్నం. హైదరాబాదులో సాయంత్రం వేళ రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసే ఆడవాళ్ళ దగ్గర బండ్లు ఆపి నిలబడేవారిని గమనించండి. అక్కడే నిలబడి తినేవారు అరుదు. నాలుగో ఆరో కట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళి మందు వేసుకున్నట్టు తింటారు. అలాంటిదాన్ని విందులో పెడితే అతిథిని ఆదరించినట్టుగా కాక పథ్యం పెట్టినట్టుగా ఉంటుందని మీ నాన్నగారు భయపడుతున్నారేమో ఒకసారి అడిగి చూడండి.

దీనికి పూర్తి భిన్నంగా నడిచిన కథ మా అనంతపురం వైపు ఉంది. రాగి సంకటి కూడా ఒకప్పుడు కూలి జనం తిండే. మా తాత తరంలో సంకటి తినే ఇంటికి పిల్లనివ్వడానికి ఆలోచించేవారని మా అవ్వ చెప్పేది. ఇవాళ హైదరాబాదులో, బెంగళూరులో రాయలసీమ వంటల పేరుతో నడిచే హోటళ్ళలో సంకటి, నాటుకోడి పులుసు కలిపి పెట్టి బిర్యానీతో సమానంగా డబ్బు తీసుకుంటున్నారు. మా బంధువుల పెళ్ళిళ్ళలో దాని కోసం వెతుక్కుంటూ వెళ్తున్నారు. సంకటి బలమైన తిండని అందరికీ తెలుసు, కానీ దాన్ని ఎవరూ ఆరోగ్యం పేరుతో అమ్మలేదు. అది ఊరి పేరుతో, పులుసు రుచితో వచ్చింది. పక్కన కర్ణాటకలో రాగిముద్దకు మొదటి నుంచీ ఆ గౌరవం ఉండటం కూడా మాకు కలిసొచ్చింది.

మాటల్లో తేడా ఎంత పని చేస్తుందో చూపిన ఒక అమెరికా పరిశోధన గురించి కూడా చెప్తాను. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన గ్రెగ్ స్పార్క్‌మన్, గ్రెగరీ వాల్టన్ 2017లో ప్రచురించారు. ఒక ఫలహారశాలలో వరుసలో నిలబడినవారిలో కొందరికి, అమెరికన్లలో నూటికి 30 మంది మాంసం తక్కువ తినడానికి ప్రయత్నిస్తున్నారని చదివించారు. మరికొందరికి, నూటికి 30 మంది ఈమధ్య కాలంలో అలా ప్రయత్నించడం మొదలుపెట్టారని చదివించారు. సంఖ్య ఒకటే, మారింది "మొదలుపెట్టారు" అన్న మాట. మొదటివారిలో మాంసం లేని భోజనం అడిగినవారు నూటికి 17 మంది, రెండోవారిలో 34 మంది. ఎక్కువమంది ఇంకా చేయని పనిని కూడా జనం అటువైపు నడుస్తున్నారని తెలిస్తే మనిషి చేస్తాడన్నమాట. కాబట్టి నాన్నగారితో "అందరూ తినాలి" అని కానీ, "మనమెందుకు తినకూడదు" అని కానీ అనవద్దు. ఈ రెండు మూడేళ్ళలో మీ బంధువుల ఇళ్ళలో ఎవరెవరు రొట్టెకు మళ్ళారో పేర్లతో చెప్పండి. మీరు లెక్కవేస్తే మీకే ఆశ్చర్యం కలిగేంతమంది ఉంటారు. ప్రతి ఇంట్లోనూ లోపల తింటున్నారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇంకొకటి. చాలా పెళ్ళిళ్ళలో ఇప్పుడు రొట్టెలకు వేరే బల్ల పెడుతున్నారు. అక్కడికి వెళ్ళేవాళ్ళంటే షుగర్ ఉన్నవాళ్ళని అందరికీ తెలుసు, కాబట్టి షుగర్ లేనివాళ్ళు వెళ్ళరు. మీరు బంతిలో, అందరి విస్తళ్ళలో, అన్నం కంటే ముందు వేడి రొట్టె వడ్డించండి. తినడం, తినకపోవడం వారి ఇష్టం. కానీ విస్తరిలో ఉన్నది అందరికీ ఒకటే అయినప్పుడు ఎవరూ ఎవరినీ చూసి జంకే అవసరం ఉండదు.

నడిగడ్డ_ఇంటిబిడ్డ

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ నమస్కారాలు. రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే మొన్న ఆదివారం దాకా చెప్పడానికి ఏమీ లేదు.

మొదట అమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె మౌనానికి కారణం నేననుకున్నది కాదు. "పెట్టమంటారు సరే, రెండు వందల మందికి రొట్టెలు చేసేదెవరు? చివరికి నేనూ మీ పిన్నీ పొయ్యి దగ్గర కూర్చుంటే మీ నాన్న పక్కన పీటల మీద కూర్చునేదెవరు?" అని అడిగింది. మెట్టసేద్యం గారు రాసిన రోకలి మాట ఆ క్షణంలో గుర్తొచ్చి నాకు సిగ్గు వేసింది. కాగితం మీద రొట్టెలు అని రాసేటప్పుడు అవి ఎవరి చేతుల మీదుగా వస్తాయో నేను ఆలోచించలేదు. ఊళ్ళో రొట్టెలు చేసి అమ్ముకునే నలుగురు ఆడవాళ్ళను కూలి ఇచ్చి పిలిపిద్దామని, వాళ్ళకు నాలుగు పొయ్యిలు వేయిద్దామని తేల్చుకున్నాకే అమ్మ ముఖం విచ్చుకుంది.

ఆదివారం ఇద్దరు మేనత్తలు, పిన్ని, పెద్దమ్మ మా ఇంటికి వచ్చారు. నేను ఏమీ చెప్పలేదు, ఎవరి ఇంట్లో రాత్రికి ఏమి వండుతున్నారని మాత్రం అడిగాను. నలుగురిలో ముగ్గురి ఇళ్ళలో రొట్టే. ఒకరి సంగతి ఒకరికి నిజంగానే తెలియదు. పెద్దమేనత్త మాత్రం ఈ వయసులో బియ్యం మానలేనని చెప్పింది, అందుకే అన్నం కూడా ఉంటుందని అమ్మ మాటిచ్చింది. మలీద మాట ఎత్తగానే కాదన్నవారు ఒక్కరూ లేరు. తీపి మొదట వడ్డిస్తాం కనుక అదే మొదటి వడ్డన. కొర్ర పులిహోర తీసేశాం, దగ్గరలో పొట్టు తీసే యంత్రం దొరకలేదు.

నాన్నగారు అప్పటిదాకా వరండాలో కూర్చుని వింటున్నారు. పెద్దమేనత్తే ఆయనను లోపలికి పిలిచి, "తమ్ముడూ, నీ పెండ్లినాడు పొద్దుగాల దిగిన చుట్టాలకు రొట్టెలే పెట్టినం గదరా, యాదికి లేదా? అప్పుడెవ్వరన్నా ఏమన్నా అన్నరా?" అంది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత రొట్టెలోకి ఏం కూర చేస్తారని అడిగారు.

రొట్టెలకు, మలీదకు కలిపి యాభై కిలోల పిండి కావాలని వేసుకున్నాం. పిండి పాతబడితే జిగురు పోయి రొట్టె అంచులు చీలతాయని, ముందు రోజే పట్టించాలని పిన్ని గట్టిగా చెప్పింది. ఊళ్ళో జొన్న వేసినవారు ఇద్దరే ఉన్నారు. వారిలో ఒకరికి నిన్న సాయంత్రం నాన్నగారే ఫోన్ చేశారు. నేను పక్క గదిలో ఉన్నాను. ధర గురించి పెద్దగా మాట్లాడలేదు కానీ, పచ్చజొన్నలైతేనే తీసుకుంటానని, తెల్లజొన్న కలపవద్దని మాత్రం రెండుసార్లు చెప్పారు.